పేతురు పడిన రాత్రి, లేచిన ఉదయం: భయంలో, ద్రోహంలో, శోధనలో విశ్వాసం నిలుపుకోవడం ఎలా

సండే స్కూల్లో పేతురు కథ చెబుతూ కోడి కూత దగ్గరికి రాగానే పిల్లలంతా ఒక్కసారిగా కొక్కొరొకో అంటారు. యేసును పట్టుకున్న రాత్రి, కోడి కూసేలోపు, ఆయన శిష్యుడు పేతురు చలిమంట దగ్గర ఆయనెవరో తెలియదని మూడుసార్లు అన్న కథ అది. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను ఆ అరుపు. పిల్లలకది సరదా. వెనక నిలబడి వినే తల్లిదండ్రుల ముఖాలు మాత్రం ఆ క్షణంలో మారిపోతాయి. ఏదో ఒక చలిమంట దగ్గర “ఆయనెవరో నాకు తెలియదు” అన్న అనుభవం పెద్దవాళ్లలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉంది.

అందుకే ఈ మార్గదర్శిని ఆ ఒక్క రాత్రి చుట్టూ రాస్తున్నాను. మనల్ని పడగొట్టేవి మూడూ ఆ రాత్రిలోనే ఉన్నాయి: యేసు ప్రార్థిస్తుండగా గెత్సేమనే తోటలో శిష్యుల నిద్ర, ఆయనకు ముద్దుపెట్టి పట్టించిన స్నేహితుడు యూదా, మంట దగ్గర అడిగిన ప్రశ్న. ముందు మీ బైబిల్లో మత్తయి 26, లూకా 22, యోహాను 18, యోహాను 21 చదవండి. అరగంటకు మించి పట్టదు. అవి చదవకుండా నా మాటలు చదివితే సగం ఉపయోగమే.

మొదటి అడుగు: పడకముందు గంటను కాపాడుకోండి

పేతురు పడింది ప్రధాన యాజకుని ఇంటి ముంగిట్లో. జారడం మాత్రం తోటలోనే మొదలైంది. చావడానికైనా సిద్ధమే అన్నప్పుడు అతను అబద్ధమాడలేదు. ఆయుధాలతో వచ్చిన గుంపు ముందే కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుడు మల్కు చెవి నరికాడు. ధైర్యానికి కొదవ లేదు. కొదవైంది ప్రార్థనకు. యేసు మూడుసార్లు వచ్చి చూస్తే మూడుసార్లూ నిద్రలో ఉన్నారు. వాళ్లు దుఃఖంతో నిద్రపోయారని లూకా ఒక్కడే రాశాడు. ఆ మాట నాకెంతో ఇష్టం. బద్ధకంతో కాదు, బాధతో అలసిపోయి పడుకున్నారు. మనమూ అంతే. ప్రార్థన మానేసేది ఎక్కువగా బాధల్లోనే.

చేయాల్సింది చిన్నదే, కానీ రోజూ చేయాలి. పొద్దున్నే ఫోన్ ముట్టుకోకముందు పదిహేను నిమిషాలు కూర్చోండి. ఒక కీర్తన పైకి చదవండి. కళ్లతో చదివితే మనసు ఎటో పోతుంది, గొంతు కలిస్తే నిలుస్తుంది. తర్వాత ఆ రోజు మీకు ఎక్కడ కష్టమవుతుందో పేరు పెట్టి చెప్పండి. “ప్రభువా, నన్ను కాపాడు” అని ఊరుకోవద్దు. “పదకొండింటికి ఫలానా బిల్లు మీద సంతకం పెట్టమంటారు, అప్పుడు నా చెయ్యి పట్టుకో” అనండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఏం జరిగిందో ఇంట్లో చెప్పండి. నెలకోసారి జరిగే ఆల్ నైట్ ప్రేయర్ మంచిదే. అయితే అది ఈ పదిహేను నిమిషాల బాకీ తీర్చదు.

దానితోపాటు కంఠత వాక్యాలు కావాలి. అరణ్యంలో యేసు సాతానుకిచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోనివే, 6, 8 అధ్యాయాల్లోనివి. ఆకలితో నలభై రోజులున్న మనిషికి అప్పటికప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు, లోపల ఉన్నదే బయటికొస్తుంది. నా క్లాసు పిల్లలకు మూడు నేర్పిస్తాను: భయానికి కీర్తన 56:3, ద్రోహానికి కీర్తన 55:22, శోధనకు 1 కొరింథీ 10:13. పెద్దవాళ్లకూ ఈ మూడే చాలు, మొదట.

రెండో అడుగు: చిన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి

సైనికుల ముందు కత్తి దూసినవాడు ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు కూలిపోయాడు. తలుపు దగ్గర కాపలా ఉన్న అమ్మాయి “నువ్వూ ఆయన శిష్యుల్లో ఒకడివే కదా” అంది. అంతే. ఆ తర్వాత యాస పట్టించింది. శ్రీకాకుళం మనిషిని హైదరాబాద్‌లో రెండు మాటల్లో పట్టేసినట్టు, యెరూషలేములో ఆ గలిలయ మనిషిని పట్టేశారు.

మన భయాలూ ఇలాంటి గుమ్మాల దగ్గరే ఉంటాయి. ఇల్లు అద్దెకడిగితే ఓనరు “మీరేమిట్లు?” అంటాడు. ఆఫీసులో క్యారేజీలు విప్పుకున్న వేళ “ఏంటి, కన్వర్టెడా?” అని ఒకరు నవ్వుతూ అడుగుతారు. ఆ రెండు సెకన్లలో నాలుక ఎటు తిరుగుతుందో మనకే తెలియదు. కాబట్టి ఇంట్లోనే ఒక వాక్యం సిద్ధం చేసుకుని పైకి అని చూడండి: “మేం క్రైస్తవులమండి, ఆదివారం పొద్దున చర్చికెళ్తాం.” వివరణ వద్దు, క్షమాపణ వద్దు, ప్రసంగం అసలే వద్దు. ఎవరైనా ప్రసాదం ఇస్తే, మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే, చేతులు జోడించి “మా నమ్మకం ప్రకారం తీసుకోనండి, ఏమీ అనుకోకండి” అనండి. ఎదుటివాళ్ల దేవుణ్ణి కించపరిచే ఒక్క మాటా రాకూడదు. మంట దగ్గర పడిన ఈ పేతురే తర్వాత తన మొదటి పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబివ్వమని రాశాడు (3:15). నేర్చుకుని రాసిన మాట అది. అదే పత్రికలో 4:15 కూడా చూడండి. పరుల జోలికి పోయి దెబ్బలు తిని, దానికి క్రీస్తు కోసం శ్రమ అని పేరు పెట్టుకోవద్దంటాడు. మనలో కొందరు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

తర్వాత ఒక కాగితం తీసుకుని మీ భయాన్ని రాయండి. ఏం పోతుందని భయం? ఇల్లా, ఉద్యోగమా, పిల్ల సంబంధమా? ఒక్కోదాని పక్కన, అది నిజంగానే పోతే నాతో నిలబడేదెవరో పేరు రాయండి. ఖాళీగా మిగిలిన చోట ఎవరి పేరుండాలో ఆలోచించి, ఈ వారంలోనే వెళ్లి వాళ్లతో మాట్లాడండి.

నిజంగా ప్రాణానికి ముప్పుంటే పారిపోవచ్చు. ఒక ఊళ్లో హింసిస్తే మరో ఊరికి పొమ్మన్నది యేసే (మత్తయి 10:23). పౌలును దమస్కు గోడ మీంచి గంపలో దించారు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడులు జరిగినప్పుడు వేలమంది విశ్వాసులు అడవుల్లోకి పారిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్లను పిరికివాళ్లనే నోరు నాకు లేదు. ముప్పు ఎదురైతే ఒంటరిగా వెళ్లకండి, తేదీ, సమయం రాసిపెట్టుకోండి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మత స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు.

మన దగ్గర ఇంకో భయం ఉంది. ఎవరూ పైకి చెప్పరు, నేను చెప్పకపోతే ఈ రాతకు నిజాయితీ ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీలోకి వస్తారు, రిజర్వేషన్లలో దాని వాటా ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో రికార్డులో ఒక మాట, ఆదివారం ఇంకో మాట. పిల్లాడి సీటు కోసం తండ్రి మౌనంగా ఉంటాడు, ఆ మౌనం తండ్రిని లోపల కొరుకుతూ ఉంటుంది.

దీన్ని గురించి తీర్పు చెప్పేముందు నేను క్రీ.శ. 250 నాటి కార్తేజ్‌ను, ఉత్తర ఆఫ్రికాలోని ఆ రోమా నగరాన్ని, తలుచుకుంటాను. రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలన్నాడు. కొందరు క్రైస్తవులు భయపడి బలి ఇచ్చారు. కొందరు బలి ఇవ్వకుండా అధికారులకు డబ్బిచ్చి సర్టిఫికెట్ మాత్రం కొనుక్కున్నారు. హింస చల్లారాక 251లో సంఘ పెద్దలు కూర్చుని ఎవరినీ శాశ్వతంగా గెంటేయలేదు, అలాగని అందరినీ ఒకే గాటనా కట్టలేదు. ఒక్కొక్కరి పరిస్థితీ విడిగా విచారించి, పశ్చాత్తాపానికి దారి చూపి చేర్చుకున్నారు. అక్కడి బిషప్ సిప్రియన్ 250లో తానూ అజ్ఞాతంలోకి వెళ్లి మాటలు పడ్డవాడే. 258లో మళ్లీ పిలుపొచ్చినప్పుడు మాత్రం నిలబడి తల ఇచ్చాడు. అప్పటి బలి సర్టిఫికెట్, ఇప్పటి కుల ధ్రువపత్రం ఒకటేనని నేననను. పుట్టిన కులం, దాని గాయం బాప్తిస్మంతో మాయమైపోవు. ఆ పెద్దల ఓపిక మాత్రం మనకు కావాలి. ఈ భారం మోస్తున్నవారు ఒంటరిగా కుమిలిపోకండి. నమ్మకమైన ఒక పెద్దతో, చట్టం తెలిసిన ఒకరితో కూర్చుని, నిజం చెబితే ఏమవుతుందో, దానికి ఇల్లు సిద్ధంగా ఉందో లేదో తేల్చుకోండి. దేవుని ముందు మాత్రం రెండు రికార్డులు పెట్టొద్దు.

మూడో అడుగు: ద్రోహం చేసినవాడి విషయం దేవునితో, తర్వాత అతనితోనే మాట్లాడండి

ఎనిమిదేళ్ల కిందట మా సంఘంలోని ఒక సహోదరుడి లోనుకు జామీను సంతకం పెట్టాను. మూడు లక్షలు. నా పెళ్లికి పందిరి గుంజలు పాతిన మనిషి, ఆలోచించనేలేదు. అయిదో వాయిదా నుంచి కట్టడం మానేశాడు. ఇరవై ఆరు నెలలు నా జీతంలోంచి పోయింది. ఆదివారం అతను ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకుంటుంటే నా గొంతు రాయైపోయేది. ఒకనాడు ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే వేళ, చిన్న గిన్నెల ట్రే అతని చేతి మీదుగా నా చేతికొచ్చింది. స్టీలు అంచు చల్లగా తగిలింది. అతని వేలు వణకడం ఆ అంచులో తెలిసింది. నేను తీసుకోకుండా పక్కకు అందించేశాను. నాలుగు నెలలు అలాగే అందించేశాను.

నన్ను నిలబెట్టింది 55వ కీర్తన. దూషించింది శత్రువైతే సహించేవాణ్ణి, దాక్కునేవాణ్ణి, చేసింది నువ్వు, నాతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడివి అంటాడు దావీదు. ఇలా చేయండి: తలుపేసుకుని ఆ కీర్తన పైకి చదవండి. కోపం వస్తే 109 కూడా చదవండి. అంత ఘాటు మాటలు బైబిల్లో ఉన్నాయంటే, మన కోపం దేవుని ముందు కక్కడానికి అనుమతి ఉన్నట్టే. అక్కడ కక్కితే వాట్సాప్ గ్రూపులో కక్కాల్సిన పని ఉండదు.

తర్వాత మత్తయి 18:15. మొదట ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. అప్పుడూ వినకపోతేనే సంఘం. మనం చేసేది సాధారణంగా దీనికి తలకిందులు. మొదట సంఘమంతా తెలుస్తుంది, చివరికి ఆ మనిషికి తెలుస్తుంది. నేను ఒక మంగళవారం సాయంత్రం వెళ్లాను. వాళ్లావిడ టీ ఇచ్చి లోపలికెళ్లిపోయింది. నేను సిద్ధం చేసుకున్న మాటల్లో సగమే అనగలిగాను. అతను నేల చూపు చూస్తూ “ఏ మొహం పెట్టుకుని రమ్మంటావన్నా” అన్నాడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా నలభై వేలు ఇచ్చాడు. మిగతాది రాలేదు, వస్తుందనీ నేననుకోను. తర్వాతి నెల బల్లలో పాలు తీసుకున్నాను.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. క్షమించడం వేరు, మళ్లీ నమ్మి చేతిలో పెట్టడం వేరు. యేసు తనను పట్టించబోయే యూదా కాళ్లు కడిగాడు, రొట్టె ముక్క అందించాడు, పట్టించడానికి వచ్చినప్పుడూ “చెలికాడా” అని పిలిచాడు. అదే యేసు, మనుషుల లోపల ఏముందో తెలిసి, తనను వాళ్ల వశం చేసుకోలేదని యోహాను 2:24లో ఉంది. నేనిప్పుడు ఎవరికీ జామీను పెట్టను. అప్పులకు జామీను ఉండొద్దనే సామెతలు 22:26 నాకు ఆలస్యంగా అర్థమైంది. అవసరమని వస్తే చేతనైనంత ఊరికే ఇస్తాను.

ద్రోహం చేసింది కాపరి అయితే దెబ్బ ఇంకా లోతు. అప్పుడు చాలామంది ఆ మనిషితోపాటు క్రీస్తునూ వదిలేస్తారు. పౌలు చివరి రోజుల్లో రాసిన 2 తిమోతి 4 చదవండి. దేమా వదిలిపోయాడు, కంచరి అలెక్సంద్రు కీడు చేశాడు, కోర్టులో మొదటిసారి ఒక్కరూ పక్కన నిలబడలేదు, ప్రభువు నిలబడ్డాడు. సంఘం మారాల్సి వస్తే మారండి, సంఘమే వద్దనుకోవద్దు.

నేరం జరిగితే మత్తయి 18 పేరు చెప్పి మూసిపెట్టడం పాపం. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. సాయానికి ఫోన్ నంబర్లు: పిల్లలకు 1098, స్త్రీలకు 181, ఎవరికైనా 112. భర్త కొడుతుంటే “సహించమ్మా, ప్రార్థన చేద్దాం” అని మాత్రమే చెప్పి పంపేవాళ్ల మాట వినకండి. ప్రార్థన చేద్దాం, ముందు ఆమెను భద్రంగా ఉన్న చోటికి చేరుద్దాం.

నాలుగో అడుగు: శోధన వేళను కనిపెట్టి, దారి మార్చండి

యోసేపు పదిహేడేళ్లవాడు. అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేశారు. పరాయి దేశం, అడిగే దిక్కు లేదు. యజమాని భార్య తనతో పడుకోమని ఒక్కసారి కాదు, దినదినం అడిగింది. అతను వాదన పెట్టుకోలేదు, ఆమె దగ్గర ఉండడమే మానుకున్నాడు. ఆఖరికి వస్త్రం ఆమె చేతిలో వదిలేసి పరుగెత్తాడు. అందుకు దొరికిన బహుమానం జైలు. జైల్లో కలిసిన పానదాయకుడు, అంటే రాజుకు ద్రాక్షరసం అందించేవాడు, విడుదలయ్యాక అతణ్ణి మరిచిపోవడంతో జైల్లోనే ఇంకో రెండేళ్లు. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలిచేసరికి ముప్పై ఏళ్లు. శోధన గెలిస్తే మర్నాడే ఆశీర్వాదం అని పిల్లలకు చెప్పకండి. పదమూడేళ్ల లెక్కే చెప్పండి.

రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. శోధన ఎప్పుడొచ్చింది, ఎక్కడున్నారు, అంతకుముందు ఏం జరిగింది. చాలామందికి అదే వేళ, అదే మంచం తేలతాయి: రాత్రి పదకొండు తర్వాత, ఒంటరిగా, ఇంట్లో గొడవైన రోజున. అది తెలిశాక వస్తువులు కదపాలి. ఫోన్ ఛార్జర్ పడకగదిలోంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలంటారా, గడియారం కొనుక్కోండి. చెడు బొమ్మల అలవాటున్న కుర్రాళ్లలో ఈ ఒక్క పనితో సగం బరువు దిగినవాళ్లను చూశాను. బెట్టింగు, రమ్మీ అయితే మీ ఖాతా మీ భార్య చేతికో అమ్మ చేతికో ఇచ్చేయండి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా ఏదో ఒక యాప్ అర్ధరాత్రి చేతికందుతూనే ఉంది. చట్టం మీ జేబులో కూర్చోదు. ఆఫీసులో ఒకరితో మాటలు హద్దు దాటుతుంటే ఒంటరిగా టీ తాగడం ఇవాళే మానండి. “మనసులో ఏమీ లేదు” అనుకునే రోజే సరైన రోజు.

ఒక మనిషి కావాలి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. నోరు జారనివాళ్లను ఎంచుకుని, ప్రతి శనివారం “ఈ వారం ఎలా గడిచింది?” అని అడగమనండి. నిజం చెప్పండి. యాకోబు 5:16లో ఉన్నది ఇదే.

కట్నం సంగతీ ఇక్కడే. మిగతా శోధనలన్నిటికీ ఉపవాస ప్రార్థన పెట్టే ఇళ్లు దీన్ని శోధనగానే లెక్కపెట్టవు. పెళ్లికొడుకు విశ్వాసేనా అని అడుగుతారు, తర్వాత ఎన్ని లక్షలని అడుగుతారు. 1961 నుంచీ నేరమది. మీ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కొడుకుంటే మీ విశ్వాస పరీక్ష అక్కడే ఉంది.

అయిదో అడుగు: పడితే, ఎవరి దగ్గరికి వెళ్తారో చూసుకోండి

ఆ రాత్రి ఇద్దరు పడ్డారు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా తన తప్పు ఒప్పుకున్నాడు, యేసును పట్టించినందుకు పుచ్చుకున్న ముప్పై నాణేలూ తిరిగి తెచ్చాడు. కానీ తీసుకెళ్లింది యాజకుల దగ్గరికి. “మాకేంటి, నువ్వే చూసుకో” అన్నారు. ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చి, మళ్లీ తనవాళ్ల మధ్యకే వచ్చాడు. ఆదివారం తెల్లవారి, యేసు లేచాడని సమాధి దగ్గరి నుంచి కబురొచ్చినప్పుడు అతను అందుబాటులో ఉన్నాడు. ఆ కబురులో “ఆయన శిష్యులతోను పేతురుతోను” చెప్పమని అతని పేరు విడిగా ఉంది. మార్కు 16:7 చూడండి.

పడ్డ రోజున ఇలా చేయండి. ఇరవై నాలుగు గంటల్లోపు ఆ శనివారం మనిషికి ఫోన్ చేయండి. ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి, “కొంచెం బలహీనపడ్డాను” లాంటి మాటల వెనక దాక్కోకండి. ఎవరికైనా నష్టం చేసి ఉంటే తిరిగి కట్టడం మొదలుపెట్టండి. సుంకరి జక్కయ్య తాను మోసం చేసినవాళ్లకు నాలుగింతలు ఇస్తానన్నాడు, మీరు మొదటి వాయిదా అయినా ఇవ్వండి. బతకాలని లేదనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకండి. పక్కన ఎవరుంటే వాళ్లకు చెప్పండి, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరికెళ్లడం అవిశ్వాసం కాదు.

గ్రీకు కొత్త నిబంధనలో బొగ్గుల నిప్పుకు వాడిన ఒక మాట రెండే చోట్ల వస్తుంది. ఒకటి పేతురు చలి కాచుకుంటూ “నేను కాను” అన్న చోట. రెండోది తిబెరియ సముద్రం ఒడ్డున, పునరుత్థానుడైన యేసు చేపలు కాల్చి పెట్టిన చోట. అదే వాసన మళ్లీ పేతురు ముక్కుకు తగిలి ఉంటుంది. యేసు ముందుగా ఆ రాత్రి సంగతి ఏమీ అడగలేదు, “రండి, తినండి” అన్నాడు. తిన్నాకే “నన్ను ప్రేమిస్తున్నావా?” అని మూడుసార్లు అడిగాడు.

మా సంఘంలో ఒక కుర్రాడు ఏడు నెలలు రాలేదు. కారణం అందరికీ తెలుసు. ఒక ఆదివారం రెండో పాట అయిపోయాక వచ్చి చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులని గోడకానుకుని కూర్చునే ఒక మామ్మ చాప మీద పక్కకు జరిగి, కీర్తనల పుస్తకం తెరిచి అతని వైపు పట్టుకుంది. ఎన్నో నంబరు పాటో వేలుతో చూపించింది.